మెట్ట నేలల్లో రాత్రి బస: అనంతపురం, కర్నూలు, కడప వైపు టెంటు వేసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీకం వెళ్ళి చలి మొదలవగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి, మన ఊళ్ళ నుంచే చదువుకునే పిల్లల దగ్గర నుంచి. అడిగేవాళ్ళు ఏడాదికేడాది మారతారు గానీ అనుమానాలు మాత్రం అవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికే పోయి చదువుకోండి, మిగతావి చదవకపోయినా అర్థమవుతుంది. జిల్లాల పేర్లు పాత లెక్కలోనే వాడాను. 2022 ఏప్రిల్‌లో నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలు విడిపోయాయని తెలుసు, కానీ గుట్టలకూ వంకలకూ (వాగులకూ) ఆ గీతలు లేవు.

## పోదామా వద్దా అనుకుంటున్నప్పుడు

మన దగ్గర నిజంగా ఎడారి లాంటి చోటు ఉందా, రాజస్థాన్ పోవాల్సిందేనా?

ఇసుక దిబ్బలే కావాలంటే అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు పోండి. వేదవతి నది ఒడ్డున (అక్కడి వాళ్ళు హగరి అంటారు) గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మేటలు వేసి, పొలాల మీదికి కూడా పాకింది. కానీ అది థార్ ఎడారి కాదు, అంత ఉంటుందని ఊహించుకుని పోవద్దు. మన ఎడారితనం వేరే రకం. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ ఒక్కో ఏడు మొహం చాటేస్తుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన మనకే అని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఎర్రనేల, బండరాళ్ళ గుట్టలు, సర్కారు తుమ్మ, బ్రహ్మజెముడు, బోదగడ్డి, చుట్టూ పది కిలోమీటర్లు ఒక్క దీపం కూడా కనబడని రాత్రి. ఇదే మన ఎడారి. పైకి ఖాళీగా కనిపిస్తుంది గానీ ఇందులో ఖాళీ నేల అంటూ ఏమీ లేదు. ప్రతి బీడుకీ ఒక రైతు, ప్రతి గుట్టకీ ఒక జంతువు ఉంటుంది. ఈ సంగతి అర్థమైతే సగం ప్రమాదాలు తప్పుతాయి.

ఏ నెలలో పోతే మంచిది?

నవంబర్ రెండో సగం నుంచి ఫిబ్రవరి సగం దాకా. పగలు ఎండ ఓర్చుకోవచ్చు, తెల్లవారుజామున చలి 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, ఒక మంచి రగ్గు సరిపోతుంది. మార్చి నుంచి మే దాకా వద్దంటే వద్దు. 42 డిగ్రీల ఎండలో బండలు రాత్రి పదకొండింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా వాన కంటే గాలి ఎక్కువ. ఊరికే కాదు కదా మన గుట్టల మీద అన్ని గాలిమరలు పెట్టింది. సెప్టెంబర్, అక్టోబర్‌లో మన అసలు వానలు, పిడుగులు, పాములు అన్నీ కలిసి వస్తాయి.

పర్మిషన్ ఎవరిని అడగాలి?

మూడు రకాల నేలలు ఉన్నాయి. పట్టా పొలమో బీడో అయితే ఆ రైతును అడగాలి, దాదాపు ఎవరూ కాదనరు, పైగా నీళ్ళెక్కడ ఉన్నాయో కూడా చెబుతారు. గండికోట లాంటి పర్యాటక స్థలం అయితే అక్కడ టెంట్లు వేయనిచ్చే చోట్లు వేరుగా ఉంటాయి, కోట లోపలి కట్టడాల దగ్గర వేయకూడదు. రిజర్వు ఫారెస్టు అయితే అటవీ శాఖ రేంజ్ ఆఫీసు. ఇది తెలియక చాలామంది ఇబ్బంది పడతారు, ఎందుకంటే మన దగ్గర రిజర్వు ఫారెస్టు అంటే చెట్లు దట్టంగా ఉండవు, ముళ్ళ పొదలున్న మామూలు గుట్టలాగే ఉంటుంది. తెల్లరంగు వేసిన హద్దు రాళ్ళు కనబడితే ఆగి, ఊళ్ళోకి పోయి కనుక్కోండి.

ఇవి కాక, ఏ నేలైనా సరే సాయంత్రం దగ్గర్లోని ఊరి రచ్చబండ దగ్గర నాలుగు మాటలు మాట్లాడండి. "ఈ రాత్రి ఫలానా గుట్ట కింద పడుకుంటున్నాం" అని చెప్పడం వల్ల దొంగలనే అనుమానం పోతుంది, రాత్రి ఏమైనా జరిగితే వచ్చే మనిషీ ఉంటాడు.

రోళ్ళపాడులోనో లంకమలలోనో రాత్రి ఉండొచ్చా? కలివికోడిని చూడాలని ఉంది.

ఉండకూడదు. రెండూ అభయారణ్యాలే, అనుమతి లేకుండా లోపలికి పోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, రాత్రి బస అసలే కుదరదు. నల్లమలలో పులుల అభయారణ్యం సంగతీ అంతే.

కలివికోడి గురించి మాత్రం కొంచెం చెప్పాలి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పక్షి అది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. శాస్త్రవేత్తలు వెతుకుతుంటే, చివరికి రాత్రి టార్చి వెలుతురులో పట్టుకున్నది ఊరి వేటగాడు. ఆ పక్షి కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటయింది. దానికి కావాల్సింది పెద్ద అడవి కాదు, పొదకీ పొదకీ మధ్య ఖాళీ నేల ఉన్న కలివి, రేగు పొదల చిట్టడవి. మనం "ఉత్త ముళ్ళ కంపే కదా" అని జేసీబీ పెట్టి చదును చేసే చోటే దాని ఇల్లు. రాత్రిపూట తిరిగే పక్షి, మనుషుల అలికిడికి బెదిరిపోతుంది. చూడాలన్న కోరిక నాకూ ఉంది. కానీ టార్చి పట్టుకుని పొదల్లో తిరిగితే మిగిలిన ఆ కాసిన్నీ చెదిరిపోతాయి. రోళ్ళపాడు కథ ఇంకా బాధ. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో కేవలం 6.14 చదరపు కిలోమీటర్ల గడ్డినేలను కాపాడారు. జింకలు పెరిగాయి, బట్టమేక మాత్రం తగ్గిపోతూ వచ్చింది. అక్కడ దాన్ని చూస్తామన్న ఆశ పెట్టుకోకండి. పగటిపూట అనుమతితో పోయి కృష్ణజింకల్ని చూసి రండి.

నీళ్ళు ఎన్ని తీసుకుపోవాలి?

మనిషికి రోజుకు ఐదు లీటర్లు తాగడానికే, వంటకీ కడుక్కోవడానికీ వేరే. దారిలో దాదాపు ప్రతి పెద్ద ఊళ్ళో నీళ్ళ ప్లాంటు ఉంటుంది, 20 లీటర్ల క్యాన్ నింపుకోండి. మ్యాపులో చెరువు కనబడింది కదా అని నమ్ముకోవద్దు, మన చెరువులు చాలావాటిలో నీళ్ళ కంటే తుమ్మచెట్లే ఎక్కువ. గుట్టల మీద దొనల్లో నిలిచిన నీళ్ళు ఉంటే అవి జంతువులవి. వాటి పక్కన టెంటు వేశారంటే ఆ రాత్రి వాటిని దప్పికతో తిప్పి పంపినట్టే.

సామాన్లు ఏం ఉండాలి?

ఖరీదైన టెంటు కంటే కింద పరిచే మందం పట్ట ముఖ్యం. సర్కారు తుమ్మ ముల్లు చెప్పునే దిగుతుంది, టెంటు గుడ్డ ఎంత! జిప్పు చివరిదాకా పడే టెంటు అయితే చాలు. మడమ పైకి వచ్చే బూట్లు, తలకి కట్టుకునే టార్చి ఒకటి, చేతి టార్చి ఒకటి, గట్టి కర్ర, ఓఆర్ఎస్ పొట్లాలు, ముళ్ళు తీయడానికి చిమటా. తిండికి ఎక్కువ వండే పని పెట్టుకోకండి. జొన్న రొట్టెలు, చెనిక్కాయల (వేరుశనగ) పొడి, బొరుగులుంటే ఉగ్గాని పది నిమిషాల్లో అవుతుంది. మాంసం మాత్రం తీసుకుపోవద్దు, ఆ వాసన కిలోమీటర్ల దూరం పోతుంది.

చిన్నపిల్లల్ని తీసుకుపోవచ్చా?

ఐదేళ్ళు దాటిన పిల్లలైతే తీసుకుపోవచ్చు, ఊరికి దగ్గర్లో, పొలంలో. గుట్టల మధ్యకి వద్దు. తేలు కుట్టినా ఎండ తగిలినా పెద్దవాళ్ళ కంటే వాళ్ళకే ప్రమాదం ఎక్కువ. పొద్దు వాలాక చేయి అందేంత దూరంలోనే ఉంచుకోండి.

## అక్కడికి చేరాక

వంకలో ఇసుక మెత్తగా, చదునుగా ఉంది. నీళ్ళ జాడే లేదు. అక్కడే వేయొచ్చా?

వేయొద్దు. నాకు ఈ పాఠం చెప్పింది ఒక గొర్రెల కాపరి. చిత్రావతిలో కలిసే ఒక వంకలో టెంటు సగం వేశాక ఆయన గట్టు మీద నిలబడి, "ఈడ పండుకోవద్దు సామీ, పైన యాడన్నా వాన పడిందంటే రాత్రికి రాత్రే వచ్చాదది" అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా పెద్దాయన మాట కదా అని పైకి మార్చుకున్నాం. ఆ రాత్రి ఏమీ రాలేదు. తర్వాత రెండేళ్ళకి అదే వంక మోకాలి లోతు బురద నీళ్ళతో, తుమ్మ మొద్దుల్ని దొర్లించుకుంటూ పోవడం చూశాను, ఆ పూట కూడా అక్కడ చినుకు పడలేదు. మన నేల ఎండకి బిగుసుకుపోయి ఉంటుంది, నీటిని తాగదు, పడిందంతా వంకలోకే తోసేస్తుంది. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగి ఎన్ని ఊళ్ళు కొట్టుకుపోయాయో కడప జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. గట్టు మీద చెట్ల కొమ్మలకి చిక్కుకున్న చెత్త చూడండి, నీళ్ళు ఎంత ఎత్తున పోయాయో తెలుస్తుంది. దానికి ఇంకా పైన పడుకోండి.

గాలికి టెంటు లేచిపోతోంది, ఇసుకలో మేకులు నిలవడం లేదు. ఏం చేయాలి?

ఇసుకలో మేకు నిలువుగా కొడితే లాభం లేదు. ఖాళీ సిమెంటు సంచుల్లోనో గుడ్డ సంచుల్లోనో ఇసుక నింపి, తాడు కట్టి, మూరెడు లోతున పూడ్చిపెట్టండి. బండనేల మీదైతే మేకులు వదిలేసి తాళ్ళు రాళ్ళకే కట్టండి. టెంటు తలుపు గాలికి ఎదురుగా ఉండకూడదు. కణేకల్లు దిబ్బల మీద మా టెంటు ఒకసారి చుక్కలు చూస్తుండగానే పక్క చేలో పడింది. అప్పటి నుంచి దిబ్బ పైన కాకుండా, గాలి తగలని వైపు అడుగున వేస్తున్నాం.

గండికోటలో లోయ అంచునే వేసుకుంటే పొద్దున్నే భలే ఉంటుందంటారు, నిజమేనా?

చూడటానికి భలే ఉంటుంది, పడుకోవడానికి కాదు. పెన్నా ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పారిన చోటది, అంచు దగ్గర రాయి పలకలు పలకలుగా ఉంటుంది, కొన్ని పలకలు కదులుతాయి, చాలా చోట్ల కంచె లేదు. నిద్రమత్తులో టెంటు బయటికి వచ్చి నాలుగడుగులు వేసే మనిషిని ఊహించుకోండి. కనీసం యాభై అడుగులు వెనక్కి వేసుకుని, పొద్దు పొడిచే ముందు అంచు దగ్గరికి నడిచి వెళ్ళండి. దగ్గర్లోని పట్టణం జమ్మలమడుగు, పదిహేను కిలోమీటర్లు, ఆసుపత్రి కావాలన్నా అక్కడికే. కోతులు బ్యాగు జిప్పులు తీయడం నేర్చుకున్నాయి, తిండి కారులో పెట్టండి.

మంట వేసుకోవచ్చా?

రిజర్వు ఫారెస్టులో వేయకూడదు. పొలంలో రైతు ఒప్పుకుంటే, చుట్టూ నాలుగు బారల మేర గడ్డి లేని చోట, గుంత తవ్వి చిన్నగా వేసుకోండి. సంక్రాంతి దాటితే బోదగడ్డి ఎండి అగ్గిపుల్లకే గుప్పుమంటుంది. గుట్ట అంటుకుంటే ఆపడానికి నీళ్ళెక్కడివి? ఎండిపడిన సర్కారు తుమ్మ కట్టెలు వాడుకోండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు, పచ్చి కొమ్మ మాత్రం ఏ చెట్టుదీ నరకొద్దు. పడుకునే ముందు నీళ్ళు పోసి, బూడిదలో చేయి పెట్టి చూడండి. చేయి పెట్టలేకపోతే ఇంకా ఆరలేదన్నమాట.

జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతికేవాళ్ళతో పాటు ఉండొచ్చా?

తొలకరికి చాలామంది అక్కడ చెట్ల కింద రోజుల తరబడి ఉండి వెతుకుతారు, నిజమే. కానీ అవి రైతుల చేలు, విత్తనం పడే వేళ. విత్తనం వేసిన చేలో కాలు పెట్టవద్దు. పిడుగులు పడే కాలం కూడా అదే. ఆ చుట్టుపక్కల చూడాల్సింది ఇంకొకటి ఉంది, ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు చెక్కిన బండలు. రెండువేల ఏళ్ళకు పైగా ఆ ఎండకీ గాలికీ తట్టుకుని నిలబడ్డ అక్షరాలు.

## చీకటి పడ్డాక

రాత్రి ఏదో అరుస్తోంది, భయమేస్తోంది. అవి ఏంటి?

ఎక్కువగా నక్కలు. ఒకటి మొదలుపెడితే చుట్టూ ఉన్నవన్నీ అందుకుంటాయి, పది ఉన్నట్టు వినిపిస్తుంది, ఉండేవి మూడో నాలుగో. ఒంటరిగా, పొట్టిగా అరిచేది గుంటనక్క, తోక చివర నల్లగా ఉంటుంది, ఎలుకల్ని తిని రైతుకి మేలు చేసేది. రాత్రి తలమీద నుంచి గోల చేస్తూ పోయేది తీతువు పిట్ట. చావు కబురు తెస్తుందని మన పెద్దవాళ్ళు దాన్ని తిడతారు, పాపం దాని గుడ్లు నేల మీదే ఉంటాయి, దగ్గర్లో ఏది కదిలినా అరుస్తుంది. నాకైతే అది రాత్రి కాపలాదారు. అది అరిచిన దిక్కుకి టార్చి వేస్తే చాలాసార్లు ఏదో ఒకటి నడిచిపోతూ కనబడుతుంది. నెమళ్ళు నడిరాత్రి ఒక్కసారిగా అరిచాయంటే మాత్రం చిరుత తిరుగుతున్నదేమో అనుకుని టెంటులోనే ఉండండి.

రాత్రి బయటికి పోవాల్సి వస్తే ఎలా?

సాయంత్రం వెలుతురు ఉండగానే చోటు చూసి పెట్టుకోండి, టెంటుకి ముప్పై నలభై అడుగుల దూరంలో, పుట్టలు, రాళ్ళ గుట్టలు లేని చోట. లేచాక ముందు బూట్లు దులపండి. చెప్పులతో పోవద్దు. టార్చి అడుగు ముందు వేసి, కర్రతో నేల కొడుతూ నడవండి, పాముకి నేల అదురు బాగా తెలుస్తుంది. ఆడవాళ్ళు ఒంటరిగా కాకుండా ఇద్దరుగా పోవడం మంచిది, మొహమాటపడి తెల్లారేదాకా ఆపుకోవద్దు.

వెన్నెల బాగుంది, చేలకి అడ్డంపడి నడుచుకుంటూ పోవచ్చా?

దయచేసి ఈ ఒక్క పని చేయకండి. వేరుశనగ, మొక్కజొన్న చేలకి అడవిపందులు పడకుండా కొందరు రాత్రిపూట సన్నటి తీగ కట్టి నేరుగా కరెంటు పెడతారు. అది చట్టవిరుద్ధం, అయినా పెడుతున్నారు. మోకాలి ఎత్తున ఉండే ఆ తీగ వెన్నెల్లోనే కాదు, టార్చి వెలుతురులో కూడా కనబడదు. మనుషులు చనిపోయారు, ఆవులు చనిపోయాయి. మన మెట్టల్లో రాత్రిపూట అన్నిటికంటే నేను భయపడేది పాముకో ఎలుగుకో కాదు, ఈ తీగకి. బండి బాట మీదే నడవండి.

దగ్గర్లో గొర్రెల మంద ఉంది, పోయి పలకరించొచ్చా?

పగలు పోండి, చీకటి పడ్డాక పోవద్దు. మంద కుక్కలకి తోడేలూ మీరూ ఒకటే. తప్పనిసరైతే దూరం నుంచే "అన్నో" అని కేకేసి, కాపరి కుక్కల్ని అదిలించేదాకా నిలబడండి. ఎరువు కోసం రైతు చేలో మంద కట్టించుకుంటాడు కాబట్టి, వాళ్ళు ఒక్కో చేలో రెండు మూడు రాత్రులే ఉంటారు. ఆ చుట్టుపక్కల ఏ గుట్టలో ఏముందో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

## జంతువు ఎదురుపడితే

ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలి? చెట్టెక్కమంటారు కదా?

చెట్టెక్కితే అదీ ఎక్కుతుంది, మనకంటే బాగా. పరుగెత్తితే అందుకుంటుంది. రాయదుర్గం, కళ్యాణదుర్గం, మడకశిర వైపు బండరాళ్ళ గుట్టల్లో ఎలుగులు ఉన్నాయి. పగలు గుహల్లో పడుకుని, పొద్దు వాలాక చెదపురుగులకీ, రేగుపండ్లకీ, సీతాఫలాలకీ, నీళ్ళకీ దిగుతాయి. దానికి చూపు మందం, ముక్కు మాత్రం గొప్పది. పుట్ట తవ్వి చెదల్ని పీల్చేటప్పుడు దాని చప్పుడులో మన అడుగుల చప్పుడు వినిపించదు. అలా దగ్గరికి పోయి ఉలిక్కిపడేలా చేసినప్పుడే చాలా దాడులు జరుగుతాయి. మనిషి మీద పగతో కాదు, భయంతో.

కాబట్టి తెల్లవారుజామునా సందెవేళా గుట్ట దారిలో గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. గుహ నోటి దగ్గర, తవ్విన పుట్టల దగ్గర టెంటు వద్దు. దూరంగా కనబడితే కదలకుండా నిలబడి, తర్వాత దాని మీద నుంచి చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి జరగండి. రెండు కాళ్ళ మీద లేచి నిలబడిందంటే వాసన చూస్తోందని, అప్పుడు రాళ్ళు విసరొద్దు. వీపు మీద పిల్లల్ని మోసుకుపోయే తల్లి అయితే ఇంకా దూరం ఇవ్వండి. మీద పడితే మాత్రం బోర్లా పడుకుని, వేళ్ళు కలిపి మెడ వెనక పట్టుకుని, మొహం నేలకి ఆనించండి. అది ముందు మొహాన్నే పట్టుకుంటుంది, మొహమూ మెడా కాపాడుకుంటే బతుకుతారు.

చిరుత కనబడితే?

చాలాసార్లు మీరు చూసేలోపే అది పోతుంది. నిలబడి చూస్తోందంటే వంగొద్దు, కూర్చోవద్దు, వెన్ను చూపొద్దు. పిల్లలుంటే ఎత్తుకోండి. చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ వెనక్కి జరగండి. దాన్ని చుట్టుముట్టి వీడియో తీయబోయిన గుంపుల్లోనే ఎక్కువ మందికి దెబ్బలు తగులుతాయి.

తోడేళ్ళు గుంపుగా వచ్చి మీద పడతాయా?

పడవు. మన గడ్డినేలల్లో తోడేలు మనిషిని చూస్తే దూరం జరుగుతుంది, దాని చూపు గొర్రెపిల్ల మీద. ఇప్పుడవి చాలా తగ్గిపోయాయి, కనబడితే అదృష్టం అనుకోండి. మనుషులకి బెదరకుండా, తూలుతూ, నోట నురగతో దగ్గరికి వచ్చే తోడేలైనా నక్కైనా కుక్కైనా రేబిస్ ఉందని అనుమానించాలి. కరిచినా గీరినా సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోండి. పసుపు, కారం పెట్టొద్దు.

కొండ అంచుకి పెద్ద తేనెపట్టు ఉంది, దాని కింద ఉండొచ్చా?

వద్దు. అవి పెద్ద తేనెటీగలు. పొగకీ, సెంటు వాసనకీ, రాత్రి వెలుతురుకీ కదులుతాయి. లేచాయంటే చేతులు విదిలించకుండా మొహానికి గుడ్డ కప్పుకుని, కారులోకో జిప్పు వేసిన టెంటులోకో ఒకే దిక్కుగా పరుగెత్తండి. ఎక్కువ కుట్టితే, ఊపిరి ఆడకపోతే నేరుగా ఆసుపత్రికి.

నక్షత్ర తాబేలు దొరికింది. ఇంట్లో ఉంటే అదృష్టమంటారు, తెచ్చుకోవచ్చా?

తెచ్చుకుంటే జైలు. ఆ అదృష్టం మాటతోనే వాటిని సంచుల్లో నింపి దేశం దాటిస్తున్నారు. రోడ్డు మీద ఉంటే అది పోయే దిక్కుకే దాటించి, వదిలేయండి.

## దెబ్బ తగిలితే

పాము కరిస్తే ఆసుపత్రి చేరేదాకా ఏం చేయాలి?

తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు మందు వద్దు, మంత్రగాడి దగ్గరికి తీసుకుపోవద్దు. కరిచిన మనిషిని కూర్చోబెట్టి, ధైర్యం చెప్పి, ఉంగరాలు, కడియాలు, బూట్లు తీసేయండి. చేయో కాలో కదలకుండా కర్రబద్ద ఆనించి వదులుగా గుడ్డ చుట్టండి. నడిపించొద్దు, మోసుకునైనా బండి దగ్గరికి చేర్చండి. 108కి ఫోన్ చేయండి, సిగ్నల్ లేకపోతే, బండి రావడం ఆలస్యమైతే మీ కారే అంబులెన్సు.

పాముని చంపి తీసుకుపోవాల్సిన అవసరం లేదు. మన దగ్గర ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఆసుపత్రిలో ఇచ్చే విషానికి విరుగుడు ఇంజెక్షను నాలుగింటికీ ఒకటే. చిన్న పింజర ఇసుక రంగులో మూరెడు కూడా ఉండదు, చుట్టలు రాసుకుంటూ రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది, పగలు రాళ్ళ కింద ఉంటుంది, కట్టెలు ఏరేటప్పుడు ఎక్కువగా కరుస్తుంది. కట్లపాము ఇంకో రకం. నేల మీద పడుకున్న మనిషిని నిద్రలో కరుస్తుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు, చీమ కుట్టిందేమో అనుకుంటారు. పొద్దున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనబడితే కాటు కనబడకపోయినా పరుగెత్తాలి. అందుకే టెంటు లేకుండా ఉత్త చాప మీద పడుకోవద్దని అంతగా చెబుతాను. బయల్దేరే ముందే దగ్గర్లో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ ఇంజెక్షను ఉందో ఫోన్ చేసి కనుక్కోండి. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రులు ఎంత దూరమో కూడా రాసి పెట్టుకోండి.

తేలు కుట్టింది, పెద్దగా భయం లేదంటున్నారు, నిజమేనా?

ఏ తేలు అన్నదాన్ని బట్టి. నల్లగా, అరచేయంత ఉండేది చూడటానికే భయం, నొప్పితో సరిపోతుంది. సన్నగా ఎర్రగా ఉండే చిన్న తేలు అసలు ప్రమాదం, ముఖ్యంగా పిల్లలకి. ఒళ్ళంతా చెమటలు, వాంతులు, కాళ్ళూ చేతులూ చల్లబడటం కనబడితే విషం గుండె మీద పనిచేస్తోందని. దానికి ప్రాజోసిన్ అనే మాత్ర ఉంది. మహారాష్ట్రలో పల్లెటూరి వైద్యం చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ దాని వాడకాన్ని వెలుగులోకి తెచ్చి ఎందరో ప్రాణాలు నిలబెట్టారు. డాక్టరు చూసి ఇవ్వాల్సిన మందు అది, మనంతట మనం వేసుకునేది కాదు. రాత్రి పడుకునే ముందు అతినీలలోహిత టార్చి వేస్తే తేళ్ళు పచ్చగా మెరుస్తాయి, టెంటు చుట్టూ ఒకసారి చూసుకోండి. నన్ను కుట్టింది పొద్దున దులపకుండా తొడిగిన బూటులో. ఆరు గంటలు చేయి కొరుక్కుంటూ గడిపాను.

ఎండదెబ్బ అని ఎలా తెలుస్తుంది?

తలనొప్పి, కళ్ళు తిరగడం ఉంటే నీడలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ కానీ, ఉప్పు వేసిన మజ్జిగ కానీ తాగించండి. మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయొద్దు.

## తిరిగొచ్చేటప్పుడు

చెత్త పూడ్చిపెట్టొచ్చా?

వద్దు, నక్కలూ పందులూ రాత్రికే తవ్వుతాయి. ఉప్పు అంటిన చిప్స్ కవర్లు గొర్రెలు మింగి కడుపుబ్బి చస్తాయి, ఒక్క గొర్రె అంటే ఆ కాపరికి వేలల్లో నష్టం. సీసా పగిలితే ప్రతి పెంకూ ఏరండి, అక్కడ ఉత్తికాళ్ళతో నడిచేవాళ్ళున్నారు. తెచ్చినవన్నీ తిరిగి కారులో వేసుకోండి.

చూసిన జంతువు ఫోటో, లొకేషన్ పెట్టొచ్చా?

ఫోటో పెట్టండి, లొకేషన్ వద్దు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేసి తీయండి. గూళ్ళు, బొరియలు, గుడ్లగూబలు ఉండే చోటు, అలుగు (పంగోలిన్) కనబడిన చోటు ఎవరికీ చెప్పొద్దు. గుడ్లగూబలనీ అలుగులనీ అమ్ముకునేవాళ్ళు కూడా అవే ఫోటోలు చూస్తుంటారు.

సాయం చేసిన కాపరికో రైతుకో ఏమైనా ఇవ్వాలా? డబ్బులిస్తే తప్పుగా అనుకుంటారా?

కొందరు అనుకుంటారు. నేను మిగిలిన బియ్యం, కందిపప్పు, నూనె, వాడని ఓఆర్ఎస్ పొట్లాలు ఇస్తాను, కాదనరు. కానీ ఇళ్ళు వదిలి వారాల తరబడి మందతో తిరిగేవాళ్ళు అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఫోన్ చార్జింగ్. పొద్దున టీ పెట్టి పిలిచి, మీ పవర్ బ్యాంకు ఒక గంట వాళ్ళ ఫోనుకి తగిలించండి.